వ్యవసాయ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: కాలువ నీళ్ల తేదీ మే నెలలోనే చెప్పండి

గౌరవనీయులైన రాష్ట్ర వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది గుంటూరు జిల్లా, పొన్నూరు వైపు. కొమ్మమూరు కాలువ కింద శివారు భూముల్లో, అంటే కాలువ నీళ్లు అందరికన్నా ఆఖరున చేరే చేలల్లో, వరి, వరి తర్వాత మినుము వేసుకుని బతుకుతున్నాం. కొంత సొంతం, కొంత కౌలు. మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ప్రకాశం బ్యారేజీ నుంచి పశ్చిమ డెల్టా కాలువలకు ఏ తేదీన నీళ్లు వదులుతారో మే మొదటి వారంలోనే ప్రకటించండి. ఆ నీళ్లు శివారుకు ఎప్పటికి చేరతాయో కూడా అందులోనే చెప్పండి. కాలువలు మీ శాఖ కిందికి రావని తెలుసు. కానీ ఆ తేదీని పట్టుకుని నడిచే విత్తనాలు, నారుమళ్లు, కోతలు, కోతల తర్వాత చల్లే అపరాలు అన్నీ మీ శాఖవే. అందుకే జలవనరుల మంత్రి గారికి కాకుండా మీకు రాస్తున్నాను. మీరు గట్టిగా అడిగితే ఆ తేదీ వస్తుందని నా నమ్మకం.

మన ప్రాంతంలో ఏడాది పొడుగునా వేడికి కొదవ లేదు. ఏ నెలలో గింజ వేసినా మొలుస్తుంది. అందుకే బయటివాళ్లకు ఇక్కడ ఎప్పుడు వేసినా ఒకటే అనిపిస్తుంది. మొలవడం వేరు, పండడం వేరు. పైరు పూతకు వచ్చే రోజులు మంచి రోజులై ఉండాలి, కోత రోజుల్లో ఆకాశం తెరిపిగా ఉండాలి. ఈ రెండూ విత్తనం వేసిన రోజునే సగం తేలిపోతాయి. మా పెద్దవాళ్లు కార్తెలతో లెక్క కట్టేవారు. మృగశిరలో దుక్కి, ఆరుద్రలో నారు, పునర్వసు, పుష్యమి కార్తెల్లో నాట్లు. అంటే జూన్ రెండో వారం నుంచి జూలై ఆఖరు లోపల అన్నమాట. ‘ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు’ అన్న సామెత ఇప్పటికీ మా ఇళ్లలో వినిపిస్తుంది. ఆ లెక్కలో తప్పేమీ లేదు. కాకపోతే డెల్టాలో ఆరుద్ర ఒక్కటే కురిస్తే సరిపోదు, కాలువ కూడా పారాలి.

సాంబ మసూరి సంగతే తీసుకోండి. బాపట్ల పరిశోధన స్థానం నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204. తినేవాళ్లకు ఇష్టం, మిల్లర్లకు ఇష్టం, అందుకే మాకూ వేయక తప్పదు. విత్తనం నుంచి కోత దాకా దాదాపు 150 రోజుల పంట. జూన్ 20కి నారు పోస్తే నవంబర్ మూడో వారానికి కోతకు వస్తుంది. నీళ్లు ఆలస్యమై ఆగస్టు 10న పోశామనుకోండి, కోత సంక్రాంతి ముందుకు పోతుంది. తేడా దాదాపు 50 రోజులు. ఈ 50 రోజుల్లోనే మా ఏడాది తారుమారవుతుంది. ఆలస్యంగా నాటిన సాంబ మసూరి చలి మొదలయ్యాక ఈనుతుంది. వెన్ను పూర్తిగా బయటికి రాదు, తాలు గింజలు పెరుగుతాయి. రాత్రి చలి, పొద్దున మంచు కలిస్తే మెడవిరుపు తెగులు పడుతుంది. ఈ రకానికి ఆ తెగులును తట్టుకునే శక్తి తక్కువ. మందు కొడతాం, మళ్లీ కొడతాం. ఖర్చు పెరిగి బస్తాలు తగ్గుతాయి.

అయినా వరి ఆలస్యమైతే జరిగే నష్టం వరితో ఆగితే నేను ఈ లేఖ రాసేవాణ్ణి కాదు. మాకు డబ్బు కళ్ల చూపించేది దాని వెనక వచ్చే మినుము.

మినుము ఎలా వేస్తామో చెబుతాను. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, పైరు ఇంకా నిలబడి ఉండగానే చేలో గింజ చల్లుతాం. ఎకరానికి 16 కిలోల దాకా పడుతుంది. దుక్కి లేదు, తడి లేదు, ఎరువు లేదు. నేలలో మిగిలిన పదును (తేమ), పైన పడే మంచు, ఈ రెండిటి మీదే 75, 80 రోజులు బతికి కాయ కాస్తుంది. కాబట్టి ఆ పదును ఎలా ఉందన్నదే అంతా. చేలోకి దిగి కాలు మోపితే అడుగు ముద్ర పడాలి, ఆ ముద్రలో నీరు ఊరకూడదు. నీరు ఊరితే గింజ కుళ్లుతుంది. ముద్ర పడకపోతే గింజ సగమే మొలుస్తుంది. అలాంటి పదును దొరికేది నాలుగైదు రోజులు. నవంబర్ మూడో వారం నుంచి డిసెంబర్ మూడో వారం లోపల చల్లితే మంచు పడుతుంది, నేల త్వరగా ఆరదు, పంట ఎండలు ముదరకముందే చేతికొస్తుంది. అదే జనవరిలో చల్లితే నేల బీటలు తీస్తుంటుంది. పూతకు వచ్చేసరికి వేడి పెరిగి తెల్లదోమ లేస్తుంది. తెల్లదోమ వస్తే పల్లాకు తెగులు వచ్చినట్టే. చేను మొత్తం పసుపు పచ్చగా మారితే చేయగలిగింది ఏమీ ఉండదు. గుంటూరు దగ్గరి మన లాం ఫారం పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎల్‌బీజీ మినుము రకాలు దేశమంతా పేరు తెచ్చుకున్నాయి. ఎంత మంచి రకమైనా కాలం తప్పి చల్లితే ఏం చేస్తుంది?

మొక్కజొన్న, జొన్న సంగతీ ఇంతే. వరి కోసిన చేలో దున్నకుండా మొక్కజొన్న వేసే పద్ధతి మా గుంటూరు జిల్లాలో బాగా పాతుకుపోయింది. డిసెంబర్ మొదట్లో గింజ పెడితే ఫిబ్రవరి మొదట్లో పూత వస్తుంది. జనవరి ఆఖర్లో పెడితే పూత మార్చి ఆఖరి ఎండలకు చిక్కుతుంది. పుప్పొడి ఎండిపోయి కండెల్లో గింజ సరిగా కట్టదు.

ఇక తుపాన్లు. నీళ్లు ముందు ఇస్తే తుపాను తప్పుతుందని నేను అనడం లేదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఎప్పుడైనా రావచ్చు. దివిసీమను ముంచిన ఉప్పెన 1977 నవంబర్ 19న వచ్చింది. 2023లో మిచౌంగ్ డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ ఏడాది సంగతి మీ అధికారులను అడగండి. 1901 నుంచి లెక్కలు చూస్తే దేశంలో అంత పొడి ఆగస్టు లేదని వాతావరణ శాఖ చెప్పింది. నీళ్లకు కటకట, నాట్లు ఆలస్యం. డిసెంబర్ వచ్చేసరికి కోయాల్సిన చేను, కోసి పనల మీద ఉన్న చేను, కుప్ప వేసిన చేను అన్నీ ఒకేసారి తుపానుకు దొరికాయి. పనలు నీళ్లలో తేలాయి, వెన్ను మీదే గింజ మొలకెత్తింది. తేమ 17 శాతం దాటితే మద్దతు ధరకు కొనరు. నాలుగు రోజులు ముసురు పట్టి ఉంటే తేమ ఎక్కడ తగ్గుతుంది? ముందే కోసుకుని మినుము చల్లినవాళ్లు కూడా నష్టపోయారు, మొలక కుళ్లి మళ్లీ గింజ కొన్నారు. కానీ వాళ్ల వడ్లు ఇంటికి చేరాయి. ఒక పంట పోవడానికీ రెండూ పోవడానికీ ఉన్న తేడా అప్పు కట్టేవాడికి తెలుస్తుంది.

ముందుగా తేదీ చెప్పడం సాధ్యం కాదని అంటారేమో. 2022లో జరిగింది. ఆ ఏడాది మే నెలలోనే గోదావరి డెల్టాకు జూన్ 1న, కృష్ణా డెల్టాకు జూన్ 10న నీళ్లు వదులుతామని ప్రభుత్వం ప్రకటించింది. నవంబర్ తుపాన్లకు ముందే కోతలు ముగియాలన్నదే అప్పుడు చెప్పిన కారణం. ఏ పార్టీ ప్రభుత్వం చేసిందన్నది మాకు అనవసరం. మంచి పని ఎవరు మొదలుపెట్టినా కొనసాగించమనే అడుగుతున్నాం.

వానలు ఎలా ఉంటాయో మేలో ఎవరు చెప్పగలరు అనే మాటకు కూడా జవాబుంది. శ్రీశైలం, నాగార్జున సాగర్ చాలా ఏళ్లలో నిండేది జూలై ఆఖరు తర్వాతే, ఒప్పుకుంటాను. కానీ 45.77 టీఎంసీలు పట్టే పులిచింతలలో మే నాటికి ఎంత మిగిలిందో మీకు తెలిసిపోతుంది. గోదావరికి ముందుగా వరద వస్తుంది, పట్టిసీమ నుంచి ఆ నీళ్లను కృష్ణకు తెచ్చుకుంటున్నాం. పైగా జూన్‌లో మాకు కావాల్సింది నారుమళ్లకు నీళ్లు. ఎకరం నాటడానికి 5 సెంట్ల నారుమడి చాలు. అంటే ఆయకట్టులో ఇరవయ్యో వంతు భూమికి. కాలువ పొడుగునా ఇంకిపోయేది, ఆవిరయ్యేది కలుపుకున్నా, నాట్ల నాటికి కావాల్సినదానిలో అది ఏపాటి? నారుకు జూన్‌లో ఇవ్వండి, నాట్లకు ఎప్పుడు ఇవ్వగలరో జూలై మొదట్లో మళ్లీ చెప్పండి. నీళ్లు లేవంటే లేవని చెప్పండి. ఆ మాట ముందే తెలిసినా మాకు మేలే. 150 రోజుల సాంబ మసూరి మానేసి 120 రోజుల రకానికి మారతాం, లేదా ఆ ఏడు కంది, పెసర, మొక్కజొన్న వేసుకుంటాం. ఏదీ తెలియక ఆకాశం వైపు, లాకుల వైపు చూస్తూ కూర్చునే ఆ నెలా నెలన్నరలో పడే టెన్షన్ చెప్పనలవి కాదు.

ఇంకో సంగతి. కూలీలు దొరక్క మా వైపు చాలామంది నాట్లు మానేసి వెదజల్లుతున్నారు. తొలకరికి పొడి దుక్కిలో గింజ చల్లి, కాలువ నీళ్లు వచ్చాక మాగాణిగా మారుస్తారు. నారు పోయడం, పీకడం, నాటడం తప్పుతాయి, పంట వారం పది రోజులు ముందుకొస్తుంది. మంచి పద్ధతే. కానీ ఇది నెల, నెలన్నరలో నీళ్లు వస్తాయన్న లెక్క మీద నడిచే సేద్యం. ఆ లోపల నీళ్లు రాకపోతే వరి గిడసబారుతుంది, ఊద గడ్డి దాన్ని మించి పోతుంది. కలుపు తీయించే ఖర్చుకు, ఆదా చేసిన కూలి డబ్బులు పోను చేతి నుంచి కూడా పడతాయి. ప్రోత్సహించమని మీ అధికారులే చెబుతున్న పద్ధతి ఇది. కనుక తేదీ చెప్పే బాధ్యత కూడా మీ మీద ఉంది.

తేదీ వచ్చిందంటే మిగతావన్నీ దాని వెనక వరస కట్టాలి. జీలుగ, జనుము, పిల్లిపెసర గింజలు రైతు సేవా కేంద్రానికి మే మధ్యకల్లా రావాలి. పచ్చిరొట్ట పూతకు వచ్చి దమ్ములో కలియదున్నడానికి 45 రోజులు కావాలి. జూన్ ఆఖర్లో ఇచ్చిన జీలుగ గింజ ఎవరికి పనికొస్తుంది? వరి విత్తనం మే ఆఖరుకు ఊళ్లో ఉండాలి, అందులో తక్కువ రోజుల రకాలూ ఉండాలి. మినుము విత్తనం అక్టోబర్ ఆఖరుకు రావాలి. పోయిన సీజన్లో మా పక్క రైతు మినుము గింజల కోసం తిరిగి తిరిగి, చివరికి బయట ఎక్కువ ధరకు కొన్నాడు. అవి చల్లేసరికి చేలో పదును పోయింది. సగం మొలిచింది.

మెట్ట రైతుల గురించి నాకు తెలిసినంత చెబుతాను. తాడికొండ, ప్రత్తిపాడు, పెదనందిపాడు వైపు నల్లరేగడి నేలల్లో పత్తి, మిర్చి వేస్తారు. వాళ్లకు వానే కాలువ. రోహిణిలో పడ్డ ఒక్క జల్లుకు తొందరపడి పత్తి గింజ పెట్టినవాళ్లు, తర్వాత వాన మొహం చాటేస్తే మళ్లీ ప్యాకెట్లు కొంటున్నారు. 60, 70 మిల్లీమీటర్ల వాన పడి నేల లోపలిదాకా తడిశాకే గింజ పెట్టమని శాస్త్రవేత్తలు చెబుతారు. మండలంలో ఎంత వాన పడిందో ఆ సాయంత్రమే రైతు ఫోన్‌కు వస్తే, ఆగాలో పెట్టాలో అతనే తేల్చుకుంటాడు. వాతావరణ శాఖ సలహాలు మంగళ, శుక్రవారాల్లో వస్తూనే ఉన్నాయి. అవి మా ఊళ్లలో చాలామందికి చేరడం లేదు. మిర్చికి జూలైలో నారు పోసి ఆగస్టు, సెప్టెంబర్లలో నాటతారు. 2021లో నల్ల తామర పురుగు వచ్చి తోటలకు తోటలు పీకేయాల్సి వచ్చినప్పటి నుంచి వాళ్లకు నిద్ర లేదు. దాని గురించి ఆ రైతులే మీకు రాయాలి, నాకంటే వాళ్లకు బాగా తెలుసు.

చివరగా కాలువ పనులు. నీళ్లు ఆపే రోజుల్లో, అంటే ఏప్రిల్, మే నెలల్లో పూడిక, గుర్రపుడెక్క, తూటికాడ తీసేయాలి. నీళ్లు వదిలే వేళకు యంత్రాలు కాలువలో దిగితే, బ్యారేజీ దగ్గర పూలు చల్లిన నీళ్లు మా దాకా రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఎగువ చేలల్లో నాట్లు పచ్చబడతాయి, మేం ఇంజిన్లతో మురుగు కాలువలో నీళ్లు తోడి నారు తడుపుకుంటుంటాం. వంతులు పెట్టినా, కాలువ మీద కాపలా కాసి నీళ్లు పంచే లస్కర్లు చాలినంత మంది లేక ఆ వంతులు నిలవడం లేదు. మే 31కి కాలువ పనులు పూర్తయ్యాయని సంతకం పెట్టాకే నీళ్లు వదిలే ఏర్పాటు చేయించండి. నీళ్ల తేదీని ప్రతి లాకు దగ్గరా, ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీదా రాయించండి. బ్యారేజీ తేదీ ఒకటి, ఆ ఊరి శివారుకు చేరే తేదీ ఒకటి, రెండూ పక్కపక్కనే ఉండాలి. తేదీ మారితే ఎందుకు మారిందో, కొత్తది ఎప్పుడో అదే గోడ మీద రాయమనండి.

ఇట్లు,
కొమ్మమూరు కాలువ శివారు రైతు,
పొన్నూరు దగ్గర, గుంటూరు జిల్లా