థండర్‌బర్డ్ సిద్ధమైంది. ఇక నుంచి అంచనా ఇచ్చే పద్ధతి మారుతోంది

అందరికీ నమస్కారం. పాత కార్లు బాగుచేసే మా షెడ్డుకు వచ్చినప్పుడల్లా మీరు ఆగి చూసి వెళ్లే ఆ రెండు సీట్ల 1955 ఫోర్డ్ థండర్‌బర్డ్ పని పూర్తయింది. వచ్చే వారం ఓనరు గారు తీసుకెళ్తున్నారు. అనుకున్నదానికంటే బాగా ఆలస్యమైంది, ఖర్చు కూడా మొదటి అంచనాను దాటింది. ఎందుకు దాటిందో ఆయన అనుమతి తీసుకునే ఇక్కడ రాస్తున్నాను. మీ కార్లకు అంచనా ఇచ్చే పద్ధతిని కూడా దీన్నిబట్టే మారుస్తున్నాం.

ఈ కారు పుట్టింది మన డెట్రాయిట్ పక్కనున్న డియర్‌బోర్న్‌లోనే. షెవ్రొలే వాళ్లు 1953లో కార్వెట్ అనే స్పోర్ట్స్ కారు తెచ్చాక దానికి ఫోర్డ్ ఇచ్చిన జవాబు ఇది. 1955లో కార్వెట్లు 700 మాత్రమే తయారైతే, థండర్‌బర్డ్‌లు 16,155 తయారయ్యాయి. కార్వెట్ బాడీ ఫైబర్‌గ్లాస్, దీనిది ఉక్కు. పైన తీసి పెట్టుకునే హార్డ్‌టాప్ ఒక్కటే ఫైబర్‌గ్లాస్. అంటే మిషిగన్ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు డెబ్బై ఏళ్లుగా తింటూ వచ్చింది ఈ ఉక్కునే.

కారు మా దగ్గరికి వచ్చినప్పుడు నల్ల రంగులో తళతళలాడుతోంది. ఫ్యాక్టరీలో దీనికి వేసిన సీరియల్ నంబరు పి5ఎఫ్‌హెచ్‌తో మొదలవుతుంది. పి అంటే 292 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజన్, 5 అంటే 1955, ఎఫ్ అంటే డియర్‌బోర్న్, హెచ్ అంటే థండర్‌బర్డ్. నంబరులో ఏ తేడా లేదు. తలుపులు కూడా బాగానే పడుతున్నాయి. బయటికి కనిపించినదాన్నిబట్టి ఇంజన్ పనీ, లోపలి సీట్లూ, కొద్దిగా పెయింటూ అని అంచనా ఇచ్చాం. ఈ పనిలో ఉన్నవాళ్లు ఎవరైనా అలాగే ఇస్తారు.

రంగు గీకించాక అసలు సంగతి బయటపడింది. తలుపుల కింద పొడవునా ఉండే రాకర్ ప్యానెళ్లలో ఇనుము దాదాపు లేదు. పాత తుప్పు మీద రేకు ముక్కలు అతికించి, పైన వేలు మందాన పుట్టీ పట్టించి, నున్నగా రుద్ది రంగేశారు. ముందు ఫెండర్ల (చక్రాల మీద ఉండే రేకుల) కింది భాగం, కాళ్ల దగ్గరి ఫ్లోరు, డిక్కీ అడుగు, అన్నిటిదీ అదే కథ. ఎవరు ఎప్పుడు చేశారో తెలుసుకోలేం. కానీ ఆ పుట్టీకి కూడా ఎవరో డబ్బు కట్టే ఉంటారు. అదే నాకు బాధ.

టాప్ లేని కారులో రాకర్ ప్యానెల్ అందం కోసం ఉండదు. కింద ఎక్స్ ఆకారపు ఛాసిస్ ఉన్నా, బాడీని నిటారుగా పట్టి ఉంచేది ఆ ప్యానెళ్లే. అవి లేని బాడీ మూత తీసిన అట్టపెట్టెలా ఎటంటే అటు వంగుతుంది. తొందరపడి కోసేస్తే బాడీ మధ్యలో కుంగి, తలుపు మళ్లీ జన్మలో సరిగ్గా పడదు. అందుకని ముందు తలుపుల ఖాళీల్లో అడ్డంగా ఇనుప గొట్టాలు వెల్డ్ చేసి, ఖాళీ కొలతలన్నీ రాసుకుని, ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకున్నాం. టైమంతా ఇక్కడే పోయింది. ఇంకోసారి చేయాల్సి వచ్చినా ఇంతే టైము తీసుకుంటాను.

ఒక మంచి సంగతి కూడా చెప్పాలి. డ్యాష్‌బోర్డు విప్పినప్పుడు వెనక అసలు రంగు దొరికింది: థండర్‌బర్డ్ బ్లూ, లేత సముద్రపు నీలం. ఓనరు గారు చూసి ఆ రంగే వేయమన్నారు. ఇప్పుడు కారు ఆ రంగులోనే ఉంది.

ఇంజన్ విషయానికొస్తే, వై-బ్లాక్ అని పిలిచే ఆ కాలపు ఫోర్డ్ వీ8 ఇంజన్లకు పేరున్న జబ్బే దీనికీ ఉంది. ఇంజన్ పైన వాల్వులను తెరిచే రాకర్లను మోసే కడ్డీలకు, అంటే రాకర్ షాఫ్టులకు, నూనె వెళ్లే దారి మడ్డితో మూసుకుపోతుంది. మునుపెవరో బయటినుంచి ఒక సన్నటి గొట్టం వేసి నూనె పైకి పంపారు. అది తాత్కాలిక ఉపాయమే. మేము ఇంజన్ పూర్తిగా విప్పి, దారులన్నీ కడిగి, క్యామ్ బేరింగులు మార్చి ఆ గొట్టం తీసేశాం. వాల్వులను ఎత్తే లిఫ్టర్లు నూనెతో సందు సర్దుకునే రకం కాదు, గట్టి లోహపువి కాబట్టి సన్నగా టిక్‌టిక్ వినిపిస్తుంది. అది లోపం కాదు.

కరెంటు ఆరు వోల్టులే ఉంచాం. పన్నెండుకు మార్చమని చాలామంది అడుగుతారు, ఫోర్డ్ కూడా 1956లో మార్చింది. కానీ ఆరు వోల్టుల కారు స్టార్టు కావడానికి ఏడిపిస్తుందంటే, చాలాసార్లు ఎవరో సన్నటి కేబుళ్లు వేసి ఉంటారు. వోల్టులు సగమైతే అదే పనికి కరెంటు రెండింతలు పారాలి, కేబుల్ లావుగా ఉండాలి, ఎర్త్ శుభ్రంగా ఉండాలి. ఆ రెండూ సరిచేశాక ఈ కారు చలిలో కూడా ఒక్క తిప్పుకే అందుకుంటోంది.

ఇలాంటి కారు కావాలని అడుగుతున్నవాళ్లకు ఒక మాట. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే, పెడల్ తొక్కితే బ్రేకు ద్రవాన్ని నెట్టే మాస్టర్ సిలిండర్‌లో నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే సర్క్యూటు. ఎక్కడ లీకైనా మొత్తం బ్రేకు పోతుంది. ఎండాకాలం కాళ్ల దగ్గర వేడి బాగా కొడుతుంది, 1956లో ఫెండర్లకు గాలి తలుపులు పెట్టింది అందుకే. హైవే మీద రోజూ ఆఫీసుకు వెళ్లడానికి దీన్ని అమ్మమంటే నేను అమ్మను.

ఇప్పుడు మారుతున్న పద్ధతి. ఇక నుంచి రంగు గీకించి లోపల చూడకుండా పూర్తి పనికి అంచనా ఇవ్వను. ముందు విప్పి చూడటానికి మాత్రమే ఒక ఫీజు తీసుకుంటాం. చూసినవన్నీ ఫోటోలతో మీకు పంపి, తరువాతే ధర చెబుతాం. ధర విని వద్దనుకుంటే కారు, విప్పిన సామానంతా డబ్బాల్లో పేర్లు రాసి తిరిగిస్తాం. ఇప్పటికే అడ్వాన్సు కట్టినవాళ్లకు ఈ ఫీజు లేదు, పాత మాట మీదే ఉంటాను.

బంపర్లలాంటి మెరిసే భాగాలకు వేసే క్రోమ్ పూత విషయంలో మాత్రం తేదీ అడగకండి. ప్లేటింగ్ చేసే చిన్న షాపులు తగ్గిపోయాయి, ఉన్నవాటి దగ్గర వరస పెద్దది. గుంతలు పడ్డ జింకు భాగాలైతే ఒక్కో గుంతనూ శుభ్రం చేసి రాగితో నింపాలి, బంపరు కంటే చిన్న భాగానికే ఎక్కువ పని పడుతుంది.

ఈ శనివారం థండర్‌బర్డ్ షెడ్డులోనే ఉంటుంది. పుట్టీ కింద దొరికిన పాత రాకర్ ప్యానెళ్లు కూడా పక్కనే పెడుతున్నాను. కారు కొనే ఆలోచన ఉన్నవాళ్లు ముందు వాటిని చేత్తో పట్టుకుని చూడండి. రావాలనుకుంటే ఒక మెసేజ్ పెట్టి రండి.