వేపాకు కషాయం, మానుపసుపు గురించి

ప్రియమైన శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. పాప తన కాలేజీ ప్రాజెక్టుకు వేపాకు సారాన్ని బాక్టీరియా మీద పరీక్షించిందంటే ఎంత సంబరపడ్డానో! ఫోటోలో సారం అద్దిన కాగితపు బిళ్ల చుట్టూ బాక్టీరియా పెరగని వలయం చక్కగా కనిపిస్తోంది. కానీ ‘వేప గెలిచింది’ అని అప్పుడే ఊళ్లో చెప్పకు.

ఆకును ఆల్కహాల్‌లో నానబెట్టి సారం తీసింది కదా, ఒట్టి ఆల్కహాల్ అద్దిన బిళ్లను కూడా పక్కన పెట్టిందా? లేకపోతే ఆ వలయం ఎవరి ఘనతో తేల్చలేం. వలయం వెడల్పును బట్టి మందు బలాన్ని కొలవడమూ కుదరదు. నీటిలో కరిగే పదార్థాలు అగార్‌లో, అంటే ప్లేటులో బాక్టీరియాను పెంచే ఆ జెల్లీలో, దూరం పాకుతాయి, నూనెలాంటివి బిళ్ల దగ్గరే ఆగిపోతాయి. సారాన్ని గొట్టాల్లో సగానికి సగం పలుచన చేస్తూ పోయి, బాక్టీరియాను ఆపే కనీస మోతాదు ఎంతో చూడమను.

నాకు ప్రాణమైన విషయం ఒకటి చెప్పనా? మన మూలికల దుకాణాల్లో దొరికే మానుపసుపుకు ఆ పసుపు రంగునిచ్చేది బెర్బెరిన్ అనే పదార్థం. అది బాక్టీరియాను చంపగలదు. అయితే స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా దగ్గర నార్-ఎ అనే పంపులాంటి ప్రోటీన్ ఉంది. లోపలికి వచ్చిన బెర్బెరిన్‌ను అది ఎప్పటికప్పుడు బయటికి తోడేస్తుంది. బెర్బెరిన్ తయారుచేసే బెర్బెరిస్ జాతి మొక్కల్లో మెథాక్సీహిడ్నోకార్పిన్ అనే మరో పదార్థం కూడా ఉంటుందని 2000లో అమెరికా శాస్త్రవేత్తలు చూపించారు. దానంతట అది బాక్టీరియాను ఏమీ చేయదు, ఆ పంపును మాత్రం అడ్డుకుంటుంది. అప్పుడు బెర్బెరిన్ లోపలే నిలిచి తన పని తాను చేసుకుపోతుంది. సారంలోని పదార్థాలను విడదీసి ఒక్కొక్కటిగా పరీక్షించి ఉంటే ఈ రెండోదాన్ని పనికిరానిదని పక్కన పడేసేవాళ్లం! మొక్కలను తొందరపడి పొగడటమూ, తొందరపడి కొట్టిపారేయడమూ రెండూ నాకు బాధ కలిగించేది ఇందుకే.

మీ అన్నయ్య టైఫాయిడ్‌కు ఆకు పసరుతో సరిపెడుతున్నాడని రాశావు. దయచేసి ఆపించు. ప్లేటులో ఆగిన క్రిమి ఒంట్లోనూ ఆగుతుందన్న హామీ లేదు. పసుపులోని కర్‌క్యుమిన్‌నే చూడు, తిన్నదాంట్లో రక్తంలోకి చేరేది చాలా తక్కువ. రేపే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.

పాపను ఈసారి వెల్లుల్లితో చేయమను. దంచినప్పుడే అందులో బాక్టీరియాను అడ్డుకునే అల్లిసిన్ పుడుతుంది, రెబ్బను ముందే ఉడికిస్తే దాన్ని పుట్టించే ఎంజైము పాడైపోతుంది. పచ్చిగా దంచినదీ, ఉడికించి దంచినదీ పక్కపక్కన పెట్టి, ఫోటో పంపమను.

నీ
రఘు