ఖాళీ తూటాకున్న లెక్క మనిషికి లేదా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మొన్న ఆదివారం మీ పాఠకుల పేజీలో 'కోర్టులు దండగ, చటాన్‌పల్లే కరెక్ట్' అని ఒక పెద్దమనిషి రాసిన ఉత్తరం వేశారు, అదీ బాక్సు కట్టి మరీ పేజీ పైభాగాన. చటాన్‌పల్లి అంటే 2019లో దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగుర్ని పోలీసులు ఎన్‌కౌంటర్‌లో చంపిన చోటు. చదివిన రోజే రాద్దామనుకున్నాను. ఇంట్లో మనవరాలి ఫంక్షన్, చుట్టాలు, ఆ హడావుడిలో కుదరలేదు. ఈలోపు కోపం చల్లారుతుందేమో అనుకున్నా, చల్లారలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందే చెప్పేస్తున్నా, నేను ఏఆర్‌లో, అంటే సాయుధ రిజర్వు పోలీసులో కానిస్టేబుల్‌గా చేరి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైనవాణ్ని. 'ఏసీ గదుల్లో కూర్చుని మానవ హక్కులు మాట్లాడతారు, ఫీల్డులోకి వస్తే తెలుస్తుంది' అనే డైలాగు నా దగ్గర పనిచేయదు. నా బ్యాచ్‌లో ఇద్దరు మందుపాతరకు పోయారు. ఒకడి పెళ్లికి తోడు పెళ్లికొడుకులా తిరిగినవాణ్ని, వాడి శవాన్ని గోనెపట్టాలో మోసినవాణ్ని కూడా నేనే. ఎదురుకాల్పులంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నిజంగా ప్రాణం మీదకొస్తే కాల్చాల్సిందే, దాన్ని తప్పనేవాడు నాకు ఇంతవరకు కనపడలేదు.

ఆ ఉత్తరం రాసిన పెద్దమనిషికి తెలియని సంగతి ఒకటుంది. మాకు ఏటా ఫైరింగ్ ప్రాక్టీసు ఉండేది. త్రీనాట్‌త్రీ రైఫిల్, లెక్కపెట్టి చేతిలో పోసే రౌండ్లు. కాల్చడం ఐదు నిమిషాలు, ఆ తర్వాత ఇత్తడి ఖాళీలు ఏరుకోవడం అరగంట. ఎన్ని రౌండ్లు తీసుకున్నామో అన్ని ఖాళీలూ తిరిగి అప్పజెప్పాలి. ఓ సంవత్సరం నాది ఒకటి తగ్గింది. పల్లేరుకాయలు మోకాళ్లకు గుచ్చుకుంటుంటే గడ్డిలో పొద్దుగూకేదాకా దేవులాడాను, దొరకలేదు. మెమో ఇచ్చారు. సంజాయిషీ రాసిచ్చాను. అది చాలదని ఇంకోసారి రాయించారు. ఒక్క ఖాళీ తూటా కోసం! మనిషిని కాల్చి చంపితే మాత్రం లెక్క అడగొద్దట, అడిగితే దేశద్రోహమట.

చట్టం నిజానికి చాలా సింపుల్‌గా ఉంది. పోలీసుకు మనిషిని చంపే ప్రత్యేక హక్కంటూ ఏదీ లేదు. ఆత్మరక్షణ హక్కు మీకెంతుందో, మీ వీధి చివర కిరాణా కొట్టాయనకు ఎంతుందో, పోలీసుకీ అంతే. అప్పట్లో ఐపీసీలో ఉండేది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు. ఈ మాటే 1997లో జాతీయ మానవ హక్కుల కమిషన్ అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకు ఉత్తరం రాసి చెప్పింది. ఆ ఉత్తరానికి మూలం మన ఉమ్మడి రాష్ట్రం నుంచి వెళ్లిన ఎన్‌కౌంటర్ల ఫిర్యాదులే, గొప్పగా చెప్పుకోవాలి మరి. 2009లో మన హైకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం కూర్చుని, ప్రతి ఎన్‌కౌంటర్‌కూ ఎఫ్‌ఐఆర్ కట్టండి, ఆత్మరక్షణో కాదో విచారణలో తేలుతుంది అంది. వెంటనే సుప్రీంకోర్టుకెళ్లి స్టే తెచ్చుకున్నారు. ఆ సుప్రీంకోర్టే 2014లో పదహారు మార్గదర్శకాలు ఇచ్చింది. దర్యాప్తు వేరే పోలీసులు చేయాలి, కాల్చిన తుపాకులు స్వాధీనం చేయాలి, ధైర్యసాహసాలు నిస్సందేహంగా రుజువయ్యేదాకా మెడళ్లు, ప్రమోషన్లు ఇవ్వొద్దు అని. చదివేవాడెవడు?

ఇంతకీ నాకు మండేది చట్టం దగ్గర కాదు, మీ పత్రికల భాష దగ్గర. 'ఎదురుకాల్పుల్లో నిందితుల హతం.' ఎవరు కాల్చారు? తెలియదు. ఎవరు కాల్చమన్నారు? తెలియదు. తుపాకులు వాటంతటవే లేచి పేలినట్టు ఉంటుంది వార్త. ట్రిగ్గర్ మీద వేలుంటుందండీ, ఆ వేలు ఒక మనిషిది. నొక్కాలా వద్దా అని ఆ మనిషి అనుకునే క్షణం ఒకటుంటుంది. అదే లేకపోతే పోలీసుకు ట్రైనింగ్ ఎందుకు, జీతం ఎందుకు?

ఒకటి చెప్తాను, ఇది నా కళ్ల ముందు జరిగింది. తొంభైల్లో ఒక మార్కెట్ యార్డు దగ్గర బందోబస్తు, ఊరి పేరు ఎందుకులెండి. ధర పడిపోయిందని రైతులు కాంటాలు ఆపేశారు, మాటా మాటా పెరిగింది, ఎవరో మిర్చి బస్తాలకు నిప్పు పెట్టారు. మిర్చి పొగ ఎలా ఉంటుందో ఇంట్లో తాలింపు మాడినప్పుడు చూసుంటారు, అలాంటిది బస్తాలకు బస్తాలు. రాళ్లు మొదలయ్యాయి. ఆర్డరు ఇవ్వాల్సిన మండల రెవెన్యూ అధికారి జీపులోంచి దిగలేదు, ఆయన పాట్లు ఆయనవి. ఓ రాయి నా కనుబొమ మీద తగిలి రక్తం కంట్లోకి కారింది. నిజం చెప్తున్నా, అప్పుడు నాకు కాల్చాలనిపించింది. ఫలానా వాణ్నని కాదు, ఎవణ్నో ఒకణ్ని.

అంతలో పొగలోంచి ఒక కుర్రాడు మా వైపు వస్తున్నాడు, ఓ చేయి వీపు వెనక దాచుకుని. నా పక్కవాడు 'బాంబురోయ్' అన్నాడు. రైఫిల్ ఎత్తాను. మా సీఐ లాఠీతో నా బ్యారెల్‌ని కిందికి నొక్కి, 'ఆగురా, వాడి నడక చూడు' అన్నాడు. చూశాను. కుంటుతున్నాడు. వెనక చేతిలో ఉన్నది తెగిన చెప్పు. మా మీదకు రావట్లేదు, కళ్లు మండి దారి కనపడక వస్తున్నాడు. దగ్గరికొచ్చి మమ్మల్ని చూసి వాడే ఏడుపు లంకించుకున్నాడు. 'ఏ ఊరు బిడ్డా నీది' అని అడిగి, నీళ్లతో కళ్లు కడిగించి పంపాడు మా సీఐ.

మొత్తం రెండు మూడు సెకన్లు. ఆ సీఐ బుర్ర పనిచేసింది, నాది చేయలేదు, అంతే తేడా. ఆయనకు మెడలేమైనా వచ్చిందనుకుంటున్నారా? యార్డు తగలబడుతుంటే ఫైరింగ్ ఓపెన్ చేయలేదని లూప్‌లైన్లోకి, అంటే ప్రాధాన్యం లేని పోస్టులోకి తోసేశారు. రిటైరయ్యేదాకా అక్కడే.

ఇప్పుడు చటాన్‌పల్లికి వద్దాం. 2019 నవంబరు 27 రాత్రి ఆ పిల్లకు, దిశకు జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది, ఆ నలుగురి మీద నాకేమీ జాలి లేదు. కానీ డిసెంబరు 6 తెల్లవారుజామున ఏం జరిగింది? నలుగురు నిందితులు, చుట్టూ తుపాకులున్న పదిమంది పోలీసులు. పిస్టళ్లు లాక్కుని కాల్చబోయారు కాబట్టి కాల్చాం అన్నారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ 2022లో ఆ కథ నమ్మలేదు. చంపాలనే కాల్చారంది, పదిమందినీ హత్య కేసులో విచారించమంది, చచ్చిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లంది. నేను అక్కడ లేను. కానీ ఆ వారం రోజులూ టీవీ ముందు మాత్రం ఉన్నాను. స్టేషన్ బయట జనం 'మాకు అప్పగించండి' అని, స్టూడియోల్లో 'ఎన్‌కౌంటర్ ఎప్పుడు' అని, నాయకులూ సినిమావాళ్లూ తలా ఓ మాట. ఇంత టెన్షన్‌లో ఆ వంతెన దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్‌కి సొంతంగా ఆలోచించే చోటెక్కడిది? వాడు పైవాడి మొహం చూస్తాడు, పైవాడు ఇంకా పైకి చూస్తాడు, ఆ పైనున్నవాళ్లు టీవీ చూస్తారు. అయ్యాక వంతెన మీంచి పూలు చల్లారు, రాఖీలు కట్టారు, స్వీట్లు పంచారు. రేపు కేసు నడిస్తే బోనులో నిలబడేది మాత్రం ఆ పదిమందే. పూలు చల్లినవాళ్లు ఒక్కరు కూడా సాక్ష్యానికి రారు, రాసిపెట్టుకోండి.

మా ఊళ్లో ఇది 2008లోనే చూశాం. ఆడపిల్లల మీద యాసిడ్ పోసిన కేసులో ముగ్గుర్ని మామునూరు దగ్గర కాల్చారు, అప్పుడూ దండలే. ఆ తర్వాత ఆడపిల్లల మీద దాడులు ఆగిపోయాయా? ఆగిపోతే 2019 ఎందుకొచ్చింది? 2015లో ఆలేరు దగ్గరైతే జైలు నుంచి కోర్టుకు తీసుకెళ్తున్న ఐదుగురు వ్యానులోనే చచ్చిపోయారు, చేతికి బేడీలు అలాగే ఉన్నాయి, ఫొటోలు మీరే వేశారు. బేడీలతో తుపాకీ గుంజుకోవడం ఎలాగో ఎస్కార్ట్ డ్యూటీలు అన్నేళ్లు చేసిన నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

'కోర్టులైతే తేలదు' అంటారు. దిశ ఘటనకు మూడు రోజుల ముందే ఆసిఫాబాద్ జిల్లాలో సమత అత్యాచారం, హత్య జరిగింది, గుర్తుందా? బుడగ జంగాల ఆడబిడ్డ, ఊరూరా తిరిగి సామాన్లు అమ్ముకునే మనిషి. ముగ్గురు నిందితులకు ఆదిలాబాద్ కోర్టు 2020 జనవరి 30న ఉరిశిక్ష వేసింది, రెండు నెలలు దాటి కొన్ని రోజులు. అదే 2019లో మా హన్మకొండలో తొమ్మిది నెలల పసిగుడ్డు మీద అత్యాచారం, హత్య కేసుకు యాభై చిల్లర రోజుల్లో ఉరిశిక్ష తీర్పొచ్చింది, హైకోర్టు తర్వాత యావజ్జీవానికి మార్చింది, అది వేరే సంగతి. చేయాలనుకుంటే కోర్టు చేస్తుంది. పోలీసు సాక్ష్యాలు సరిగ్గా ఏరి పెడితే చేస్తుంది. ఆ సాక్ష్యాలు ఏరిన ఐవోలకు, అంటే దర్యాప్తు అధికారులకు ఎవరైనా పూలు చల్లారా? మీ పెద్దమనిషికి చటాన్‌పల్లి నోటికొచ్చింది గానీ ఆదిలాబాద్ ఎందుకు రాలేదు?

ఏరడానికి మనిషి ఉండాలి కదా అంటారా, అదీ నిజమే. ఏఆర్‌లో చేరినవాడు సగం సర్వీసు ఏ అధికారి బంగళాలోనో కుక్కను తిప్పుతూ, మేడమ్ గారి కూరగాయల సంచి మోస్తూ గడుపుతాడు. పండగ లేదు, వీక్లీ ఆఫ్ కాగితం మీదుంటుంది. ఫైరింగ్ ప్రాక్టీసుకి పంపమంటే డ్యూటీకి మనుషుల్లేరంటారు. నిద్రలేని మనిషి చేతికి తుపాకీ ఇచ్చి, నీ విచక్షణ వాడు అంటే ఏం వాడతాడండీ. మా రోజుల్లో కనీసం పరేడ్ తర్వాత ఆర్‌ఐ (రిజర్వు ఇన్‌స్పెక్టర్) నిలబెట్టి ఎప్పుడు కాల్చాలి, ఎక్కడ కాల్చాలి, ఎప్పుడు ఆపాలి అని పాఠంలా వల్లె వేయించేవాడు. ఇప్పుడు కొత్త పిల్లల స్టేటస్‌లు చూస్తున్నాను, నల్లకళ్లద్దాలు, తుపాకీ, వెనక మాస్ మ్యూజిక్.

ఒక్క పని చేయండి. సుప్రీంకోర్టు ఆ సిర్పుర్కర్ కమిషన్ రిపోర్టును మన హైకోర్టుకు పంపించింది. అక్కడ ఇవాళ అది ఏ దశలో ఉందో మీ రిపోర్టర్‌ని పంపి కనుక్కుని రాయించండి. బాక్సు కట్టక్కర్లేదు, లోపలి పేజీలో వేసినా చదువుతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఆర్ హెడ్ కానిస్టేబుల్,
హన్మకొండ