వార్షిక నివేదిక: మన ఊహారాజ్యంలో శ్రేణి పెద్ద ఎవరు?

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది నల్లగొండలో మన కథల సంఘం దాదాపు ఒక్క పంచాయితీ చుట్టూనే తిరిగింది. అందరం కలిసి రాస్తున్న ఊహారాజ్యంలో నేతగాళ్ల శ్రేణి, అంటే ఆ వృత్తివాళ్ల సంఘం, దాని పెద్ద చనిపోతాడు. మరి ఆ గద్దె ఎవరికి? ఉగాదికి మొదలైన వాదన దసరా దాటినా తెగలేదు. పిల్లల కథల పోటీ, పానగల్లు గుళ్ల యాత్ర అనుకున్నట్టే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి చదువుతారు.

మొదట మనం పెట్టుకున్నవి యూరప్ మెట్లు: శిష్యుడు, కూలికి పనిచేసే పనివాడు, ఉస్తాదు. అక్కడ పనివాడు తన పనితనం చూపే వస్తువొకటి చేసి ఉస్తాదుల ముందు పెట్టాలి. వాళ్లు ఒప్పుకుంటేనే సొంత దుకాణం. పోనుపోను చాలాచోట్ల ఉస్తాదుల కొడుకులకు రుసుము తగ్గించి, బయటివాళ్లకు పెంచారు. ఈ సంగతి చదివాక ‘కొడుకుకే గద్దె’ అన్నవాళ్లు కాస్త మెత్తబడ్డారు.

చీటీలు తీద్దామన్నవాళ్లు ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరాన్ని పట్టుకొచ్చారు. అక్కడ శ్రేణుల సభ్యుల పేర్లు సంచుల్లో వేసి తీసేవారు, పేరొచ్చినవాళ్లు రెండు నెలలు నగరాన్ని ఏలి దిగిపోయేవారు. అయితే 1434 తర్వాత సంచిలో ఎవరి పేర్లు పడాలో అక్కడి ధనిక బ్యాంకర్లైన మెదిచీ కుటుంబం మనుషులే చూసుకున్నారు. ఇక చీటీ తీస్తే ఏం, తీయకపోతే ఏం!

నాకు నచ్చింది నాసిక్ గుహ శాసనం. క్షత్రప రాజు నహపానుడి అల్లుడు ఉషవదాతుడు నేతగాళ్ల శ్రేణి దగ్గర 2000 కార్షాపణాలు (ఆనాటి నాణేలు) నిల్వ పెట్టాడు. నెలకు నూటికి ఒకటి వడ్డీ, దానితో భిక్షువులకు బట్టలు. మూలధనం మాత్రం ముట్టకూడదు. నమ్మింది శ్రేణినే గానీ దాని పెద్దను కాదు. అందుకే మన కథలో కొత్త పెద్ద ముందుగా అందరి ఎదుట నిల్వ లెక్క అప్పజెప్పించుకోవాలని తీర్మానించాం.

పెద్దను ఎన్నుకునే ఓటు శ్రేణిలో ఎవరెవరికి ఉండాలన్నది నేతగాళ్ల ఊరు పుట్టపాక వెళ్లాకే తేలింది. ఒక ఇంటి వసారాలో ఒకామె ఆసు పోస్తోంది, అంటే నేతకు ముందు నూలును మేకులకు చుడుతోంది. నూలు నడిమి మేకు నుంచి అర్ధచంద్రంలా ఉన్న మేకుల మీదికి, మళ్లీ వెనక్కి. భుజం ఆగదు. తన తల్లి ఇలాగే పడే బాధ చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. చీర ఎవరు నేశారని అడిగితే ఆమె మగ్గం మీదున్న భర్తను చూపించింది. తిరుగు బస్సులో పెద్ద గొడవే అయింది. చివరికి ఆసు పోసేవాళ్లకు, అద్దకం వాళ్లకు కూడా శ్రేణిలో ఓటు రాశాం. ఇద్దరు సభ్యులు ఒప్పుకోలేదు, వాళ్ల అసమ్మతి మినిట్స్‌లో ఉంది.

వచ్చే ఏడాది కుమ్మరి శ్రేణి. రాసే ఉద్దేశం ఉన్నవాళ్లు సంక్రాంతిలోగా పేర్లు ఇవ్వండి. చందా బాకీ ఉన్నవాళ్లు అది కూడా.

కార్యదర్శి