చిన్న సంస్థలకు దారి మూయొద్దు

సంపాదకునికి,

మా గుణుపురం చుట్టుపక్కల సవర పల్లెల్లో కొండెక్కి బాలింతల్ని పలకరించి, వాళ్ల భాషలోనే మాట్లాడి ఆస్పత్రికి ఒప్పించేది చిన్న స్వచ్ఛంద సంస్థల అమ్మాయిలే. విదేశీ ప్రభుత్వాల నిధులు ఇలాంటివారికి నేరుగా రావడం అరుదు. ఏ పెద్ద సంస్థో తీసుకుని కొంత కిందికి ఇచ్చేది. 2020లో విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని (ఎఫ్‌సీఆర్‌ఏ) సవరించి, అలా తీసుకున్న డబ్బును మరో సంస్థకు ఇవ్వకూడదన్నారు. దాంతో ఆ దారి మూసుకుపోయింది. సొంతంగా రిజిస్టర్ చేసుకోవాలంటే మామూలుగా గత మూడేళ్లలో 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. ఈ కొండల్లో పనిచేసేవాళ్ల దగ్గర అంత డబ్బెక్కడిది? పైగా విదేశీ నిధుల్లో పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి తగ్గించారు. లెక్కలు పక్కాగా ఉండాలంటారు, సరే. ఆ లెక్కలు రాసే మనిషికి జీతమివ్వాలి కదా!

నిధుల దుర్వినియోగాన్ని అరికట్టాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ కలెక్టరు పర్యవేక్షణలో, బ్యాంకు ద్వారా చిన్న మొత్తాలు పంచుకోనిస్తే నష్టమేంటి? దాత దేశాలు కూడా ఏడాదికో ప్రాజెక్టు కాకుండా, నాలుగైదేళ్లకు మాటివ్వాలి. 2025 జనవరిలో అమెరికా సాయం ఒక్కసారిగా ఆపేస్తే ఎన్నో దేశాల్లో ఆరోగ్య కార్యకర్తలు రోడ్డున పడ్డారు. మన కేంద్ర ప్రభుత్వం ఈ నిబంధనల్ని వెంటనే సడలించాలి.

– ఒక పాఠకుడు, గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా