లేపాక్షికి వచ్చినవాళ్లు ఒక రాత్రి ఆగేలా తోలుబొమ్మలాట పెట్టించండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన నెల బెంగళూరు నుంచి మా చెల్లెలి కుటుంబం ధర్మవరం వస్తే ఆదివారం అందరం లేపాక్షి వెళ్లాం. వేలాడే స్తంభం కింద గుడ్డ లాగి చూశారు, నంది దగ్గర ఫొటోలు దిగారు. మూడింటికల్లా వాళ్లు అటునుంచి అటే బెంగళూరు దారి పట్టారు. కాఫీలు, భోజనాలు, ఒక కొబ్బరికాయ తప్ప ఆ ఊళ్లో వాళ్లు ఖర్చు పెట్టిందేమీ లేదు. అప్పటికే కర్ణాటక నంబరు కార్లు చాలా వరకు వెళ్లిపోయాయి. వీరభద్రాలయం, నంది 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకి ఎక్కినప్పుడు మా వైపు అందరం సంబరపడ్డాం. కానీ చూడడానికి వచ్చినవాళ్లు పూట గడవకముందే వెళ్లిపోతుంటే ఆ ఊరికి మిగిలేదేముంది?

అంతకు ముందు రోజు వాళ్లని నిమ్మలకుంట తీసుకెళ్లాను. తోలుబొమ్మలు చేసే ఊరు అది. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, ఈ బొమ్మలకి, పుట్టిన ప్రాంతాన్ని బట్టి ఇచ్చే జీఐ గుర్తింపు కూడా ఉంది. ఒక ఇంట్లో లాంప్ షేడ్ కొన్నాం. దాని మీద హనుమంతుణ్ణి చూసి మా మేనకోడలు ‘మామా, ఇది ఆడుతుందా?’ అని అడిగింది. ఆ ఇంటి పెద్దాయన ఏమీ మాట్లాడకుండా లోపల పెట్టెలోంచి పాత బొమ్మ తీసి, దుప్పటి తెరగా కట్టించి, వెనక ఫోన్ లైటు పెట్టించాడు. హనుమంతుడు చెయ్యి ఎత్తి తోక తిప్పేసరికి పిల్ల కదల్లేదు. పట్టుమని ఐదు నిమిషాల ఆట. కారెక్కమంటే ఏడ్చింది.

ప్రభుత్వం చేసే సాయం ఎక్కువగా బొమ్మ అమ్ముకోవడానికే అందుతోంది. ఎగ్జిబిషన్లు, శిక్షణలు, షాపుల్లో అమ్మకాలు, అన్నీ మంచివే, వాటివల్లే ఆ ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది. కానీ లాంప్ షేడ్ మీది బొమ్మకి కదిలే కీళ్లు అక్కర్లేదు, పద్యం అక్కర్లేదు, చెక్క మీద కాళ్లతో దడదడలాడించే యుద్ధం అక్కర్లేదు. తోలు చెక్కే కుర్రవాళ్లు నాకు చాలామంది కనిపించారు. రాత్రంతా పాడగలిగినవాళ్లు మాత్రం పెద్ద వయసువాళ్లే.

మా చిన్నప్పుడు వానలు రాకపోతే ఊరంతా చందా వేసుకుని విరాటపర్వం ఆడించేవాళ్లు. గింజలిచ్చి పంపేవాళ్లు. ఆట జరిగిన రాత్రి బొరుగులమ్మేవాడికీ, టీ అంగడికీ బేరం ఉండేది. ఇప్పుడు నేను అడిగేదీ అలాంటి బేరమే. తోలుబొమ్మలాట చీకటి పడ్డాక ఆడేది. దాన్ని చూడాలంటే మనిషి రాత్రికి ఆగాలి. ఆగితే గది కావాలి, రాత్రి భోజనం కావాలి, పొద్దున టిఫిన్ కావాలి. పొద్దున లేచినవాళ్లు ధర్మవరం పట్టుచీర చూస్తారు, నిమ్మలకుంట వస్తారు, పుట్టపర్తి వెళ్తారు. అన్నీ ఒకే జిల్లాలో ఉన్నాయి. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ కోసం భూమి, నీళ్లు, రోడ్లు అన్నీ సమకూర్చారు, మంచిదే. దీనికి అంత అక్కర్లేదు. బెంగళూరుకి కూలికి పోయే మా పల్లెల నుంచి కొందరైనా ఇక్కడే లాడ్జిలోనో, మెస్సులోనో, ఆటో మీదో బతకగలిగితే అది చిన్న విషయం కాదు.

కొచ్చిలో కథాకళి ఇలాగే నడుస్తోంది. నేను చూసిన చోట సాయంత్రం ఆట, అంతకు ముందే వేషం వేసుకోవడం కూడా చూడనిచ్చారు. తెల్లవారేదాకా ఆడాల్సిన కథని గంటన్నరకి కుదించారు. కుదిస్తే కళ పాడవుతుందని కొందరంటారు. కొంత పోతుంది, నాకూ తెలుసు. మన తోలుబొమ్మలాటలో నవ్వించే జుట్టుపోలిగాడు, బంగారక్కల పోట్లాట తీసేస్తే మాత్రం నేనే ఒప్పుకోను, మా జనం నవ్వేదే అక్కడ. అందుకే శనివారాలు వచ్చినవాళ్ల కోసం గంటన్నర ఆట పెట్టి, నెలకొకసారి మా కోసం తెల్లవార్లూ ఆడించమంటున్నాను.

ఉత్సవాలప్పుడు ఒక రాత్రి ఆడించి శాలువా కప్పి పంపితే ఇది జరగదు. బెంగళూరులో ఉన్నవాడు ఏ శనివారం వచ్చినా ఆట ఉంటుందని తెలియాలి. జనం తక్కువొచ్చినా బృందానికి కూలి అందాలి, అదీ ఆట ముగిసిన రాత్రే. బిల్లు పెట్టి నెలల తరబడి తిరగమంటే వాళ్లు మళ్లీ లాంప్ షేడ్ల పనికే పోతారు, వాళ్లని తప్పుపట్టలేం. టికెట్ల డబ్బు చాలేదాకా మొదటి రెండేళ్లు పర్యాటక శాఖ భరించాలి.

లేపాక్షి పైకప్పు మీది రంగుబొమ్మలు చూడండి, తోలుబొమ్మలకున్నట్టే పక్కకి తిరిగిన ముఖం, అదే పెద్ద కన్ను. మన రాష్ట్ర హస్తకళల దుకాణాలకి పెట్టుకున్న పేరూ లేపాక్షే. ఆ ఊళ్లో వారానికొక రాత్రి తెర కట్టడానికి గుడి బయట కొంచెం జాగా చూపించమని జిల్లా అధికారుల్ని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. వానలు వెనకబట్టాక, కార్తీకంలో మొదలుపెడితే రాత్రుళ్లు ఆరుబయట కూర్చోవడానికి బాగుంటుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ధర్మవరం, శ్రీ సత్యసాయి జిల్లా