తప్పు బుడంకాయదేరా!

అనంతపురం,
ఆదివారం పొద్దున

ఒరేయ్ బుడంకాయా,

నీ ఉత్తరమొచ్చి నెలన్నరాయె. తిట్టుకుంటావుంటావు, తిట్టుకో. అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గింది, వాన జాడ లేదు, పిల్లోళ్లకు పరీక్షలు. అంతే. ఇంక నీ దోసకాయల సంగతి, అది చెప్పకుంటే నాకు అన్నం దిగేట్లు లేదు.

పక్కసేను ఖర్బూజా పుప్పొడి పడి నీ కాయలు చేదెక్కినాయని రాసినావే, కాదురా. ఈ యేడు కాయలో కండంతా తల్లితీగదే. బయటి పుప్పొడి పనంతా గింజలోనే. ఆ గింజ మొలిచి కాసినప్పుడే దాని గుట్టు తెలిసేది. అంటే తప్పు పోయినేడు జరిగింది, నువ్వు ఇత్తనానికి ఇడిసిన కాయలో. అయినా ఖర్బూజా కలిస్తే చేదెట్లొస్తుంది? గట్టు మీద నీ పేరుగలది ఒకటి పాకింటుంది చూడు, గుడ్డంత కాయ, పచ్చ చారలు... అదీ! దాని చేదు కలిసిందంటే మొదటి తరంలోనే పైకి తేలుతుంది. నీకా పేరు ఊరకే పెట్టలేదు.

నవ్వొచ్చేదేమంటే దోస, ఖర్బూజా, నక్కదోస, బుడంకాయ నాలుగూ ఒకటే జాతి. అన్నింటికీ 12 జతల క్రోమోజోములే, నిక్షేపంగా కలుస్తాయి. కీరాకు 7 జతలు, చూపుకు చుట్టమే గానీ పొత్తు కుదరదు. పప్పులోకి పులుపూ గట్టి కండా చూసి గింజ దాచినోళ్లకు దోస, తీపీ వాసనా చూసినోళ్లకు ఖర్బూజా, పొడుగు చూసినోళ్లకు నక్కదోస. ఎవరూ పట్టించుకోనిది గట్టున పడింది. బెంగళూరు పక్క హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్కా జీత్ ఖర్బూజా కూడా ఉత్తరప్రదేశ్ 'బాటీ' నాటురకంలోంచి ఏరిందే.

సరే, ముందు గట్టు మీదిది పీకు. తర్వాత తీగకొక కాయ కోసి నాలిక్కి ఆనించు. చేదుంటే పూత నిండుగా ఉందని జాలిపడొద్దు, వేరుతో పీకేయ్. మంచివి ఐదారు చాలు. వాటి మీదున్న కాయలు కూరకే, ఇత్తనానికి కాదు. చేదుతీగల పుప్పొడి వాటికీ తగిలింటుంది. అన్నీ కోసెయ్, తీగ మీద కాయుంటే కొత్త పిందె నిలవదు. సాయంత్రం, కొన పసుపు తిరిగి వెనక చిన్న పిందె ఉన్న మొగ్గ చూసి దారంతో మూతి కట్టు. అదే తీగలో మగమొగ్గకూ అట్లే. పొద్దున ఎనిమిదిలోపల మగపూవు రేకులొలిచి, పిందె ఉన్న పూవు నడిమధ్యన మెల్లగా రుద్ది, మళ్లా మూతి కట్టి, కాడకు ఎర్రదారం చుట్టు. పచ్చదారం వద్దు, ఆకుల్లో కలిసిపోతుందని నీకు తెలుసు. ఎండెక్కితే పుప్పొడి పనికిరాదు. ప్లాస్టిక్ కవరు తొడగొద్దు, చెమటపట్టి మొగ్గ కుళ్లుతుంది. పదింట్లో రెండుమూడు నిలిచినా పండగే.

అన్నట్టు, హైబ్రిడ్ ఖర్బూజా గింజ దాచినావంటనే? ఒరే, మొదటి తరం అన్నీ ఒకే అచ్చు, రెండో తరంలో తీగకొక తీరు! ఏరుతా పోతే ఆరేడు తరాలకు గానీ... అబ్బ, మీ ఊరి పిల్లోడు వాకిట్లో హారన్ కొడతాండాడు, ఇది వాని చేతికే. గింజలు మాత్రం పారే